ఆ కిడ్నీలు పనికిరావని పక్కన పెట్టే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో అవయవదానం మీద వచ్చిన వార్త చదివాను. బ్రెయిన్ డెడ్ అయిన ఒక్క మనిషి కిడ్నీలు ఇస్తే ఇద్దరు డయాలసిస్ నుంచి బయటపడతారని, కుటుంబాలు ముందుకు రావాలని రాశారు. మంచి మాట. కానీ అలా ముందుకు వచ్చిన ఒక కుటుంబాన్ని, దాత రక్తంలో హెపటైటిస్ సి అనే లివర్ వైరస్ ఉందని, వద్దని తిప్పి పంపిన సంగతి నేను దగ్గర నుంచి చూశాను. దాని గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, తగ్గించి వేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు, డయాలసిస్ వాళ్ల మాట మాత్రం తీసేయకండి.

మాది పరకాల దగ్గర ఊరు, నేను హనుమకొండలో ఉండి జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. మా అక్కకు 43 ఏళ్లు. రెండో కాన్పప్పుడు మొదలైన బీపీని పట్టించుకోలేదు, ఊళ్లో మేమందరం అలాగే ఉంటాం, కళ్లు తిరిగితే నిమ్మకాయ నీళ్లు తాగి పడుకుంటాం. తెలిసేసరికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత చెడిపోయాయో రక్తంలో చూసే లెక్క) 9 దాటింది. ఐదేళ్లుగా వారానికి మూడు రోజులు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. తెల్లవారుజామున బస్సెక్కి వరంగల్ రావాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక అక్కకు టికెట్ లేదు, తోడు వచ్చే బావకు ఉంది. ఆ మూడు రోజులు పత్తి చేను దగ్గర ఎవరూ ఉండరు. ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్ ఫ్రీగానే జరుగుతోంది, అది లేకపోతే అక్క ఈపాటికి ఉండేది కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ డయాలసిస్ అంటే జబ్బు తగ్గడం కాదు. ఎండాకాలంలో వరంగల్ వేడి సంగతి మీకు చెప్పనక్కర్లేదు, ఆ ఎండల్లో కూడా రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్లు తాగకూడదు. అక్క ఐస్ ముక్క నోట్లో పెట్టుకుని, కరిగిన నీళ్లు సగం ఉమ్మేస్తుంది. ఒక గ్లాసు ఎక్కువ తాగితే రాత్రికి ఆయాసం వస్తుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

కిడ్నీ మేమే ఇద్దామని చూశాం. అక్కది ఓ గ్రూపు, నాది బి. అమ్మకు షుగర్. బావకు టెస్టులు చేస్తే ఆయనకే రాళ్లున్నాయని తేలింది. గ్రూపు కలవకపోయినా మార్చే పద్ధతి ఉందన్నారు, దానికయ్యే ఖర్చు విని ఊరుకున్నాం. మరణించిన దాతల అవయవాలు వరస ప్రకారం ఇచ్చే రాష్ట్ర పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. ఓ గ్రూపు వాళ్లు ఇచ్చేది ఎవరికైనా పనికొస్తుంది, వాళ్లు తీసుకోవాలంటే మాత్రం ఓ గ్రూపుదే కావాలి, అందుకని ఎదురుచూపు ఎక్కువ.

ఇందులో మధ్యలో ఇంకొకటి వచ్చి పడింది. మూడో ఏడు, మామూలుగా చేసే వైరల్ టెస్టుల్లో అక్కకు హెపటైటిస్ సి పాజిటివ్ వచ్చింది. అంతకుముందు నెగెటివ్, కాబట్టి డయాలసిస్ సెంటర్లోనే వచ్చి ఉండాలి, కానీ ఎలా వచ్చిందని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, ఇంట్లో ఎవరికైనా ఉందేమో చూసుకోండి అన్నారు. ఇంట్లో అందరికీ చేయించాం, ఎవరికీ లేదు. ఆ రోజు నుంచి అక్కను పాజిటివ్ వాళ్ల మిషన్ మీదికి మార్చారు. అది వైద్యం ప్రకారం సరే, కానీ పక్క బెడ్ ఆమె, అప్పటిదాకా ఇంట్లో వండింది పంచుకు తిన్న ఆమె, స్టీలు గ్లాసు కూడా ముట్టుకోవడం మానేసింది. హెపటైటిస్ సి గ్లాసుతో రాదు, తిండితో రాదు, కలిసి కూర్చుంటే రాదు, రక్తం రక్తంలో కలిస్తే వస్తుంది. ఈ ముక్క చెప్పడానికి అక్కడ ఒక్క బోర్డు కూడా లేదు.

మాకు ప్రపంచం మునిగిపోయినట్టే అనిపించింది. కిడ్నీ పోయింది, ఇప్పుడు లివర్ కూడా పోతుందని అమ్మ ఏడ్చింది. తీరా చూస్తే ఆ జబ్బు 12 వారాలు రోజూ గోలీలు మింగితే పోయింది. కేంద్ర ప్రభుత్వం 2018 జులైలో మొదలుపెట్టిన వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద సర్కారు దవాఖానలోనే ఫ్రీగా ఇచ్చారు. కొంచెం తలనొప్పి, కొంచెం నీరసం, అంతే. కోర్సు అయిపోయిన మూడు నెలలకు వైరల్ లోడ్ టెస్టు చేస్తే వైరస్ లేదని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని అక్క బస్టాండ్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మేం అంత భయపడ్డ రోగం 84 రోజుల మందు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గత ఏడాది వానాకాలంలో మా పక్క ఊరి పిల్లవాడు, 26 ఏళ్లు, ట్రాక్టర్ నడిపేవాడు, రాత్రిపూట బైక్ మీద వస్తూ రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దాడు. నాలుగో రోజు బ్రెయిన్ డెడ్ అన్నారు. చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి చెప్పాలి, అలాగే చేశారు. ఆ పిల్లవాడి బాపును అవయవదానం గురించి అడిగారు. ఆయన రాత్రంతా ఆలోచించి, కోడలిని అడిగి, పొద్దున్నే సరేనన్నాడు. ఎకరంన్నర రైతు, బడికి పోని మనిషి, కొడుకు గుండె కొట్టుకుంటుండగానే ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో నేను ఊహించలేను. మధ్యాహ్నానికి రక్తం రిపోర్టు వచ్చింది, హెపటైటిస్ సి పాజిటివ్. తీసుకోలేం అన్నారు. కిడ్నీలు వద్దు, లివర్ వద్దు, కళ్లు కూడా వద్దు. ఆ మాట కూడా వరండాలో, చుట్టాల ముందే చెప్పారు.

దినాలకు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "సార్, మా పోరడు తాగలే, తిరగలే. వాని రక్తంల ఏం గలీజు ఉన్నదని వద్దన్నరు?"

ఏం చెప్పను? ఆ పిల్లవాడి చేతి మీద జాతరలో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది, ఒకే సూదితో ఎంతమందికి పొడుస్తారో మేడారం వెళ్లిన వాళ్లందరికీ తెలుసు. చిన్నప్పుడు జ్వరాలకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించారట. మన దేశంలో రక్తం ఎక్కించే ముందు హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో, అంతకుముందు రక్తం ఎక్కించుకున్న వాళ్లకు ఎంతమందికి వచ్చిందో లెక్కే లేదు. ఎలా వచ్చినా అది ఆ పిల్లవాడి తప్పు కాదు, గలీజు అంతకన్నా కాదు. భార్యకు, పిల్లకు టెస్టు చేయించమని కూడా ఎవరూ చెప్పలేదు, నేను చెప్పి పంపించాను. ఇద్దరికీ లేదు.

నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదీ. ఆ పిల్లవాడి క్రియాటినిన్ బాగుంది, వయసు 26, బీపీ లేదు, షుగర్ లేదు, రెండూ నిక్షేపం లాంటి కిడ్నీలు. వాటిని మట్టిలో కలపడానికి కారణమైన వైరస్, మా అక్కకు మూడు నెలల గోలీలతో పోయిన వైరస్సే.

అప్పుడు మొదలుపెట్టి చదివాను. డాక్టర్ని కాదు, కానీ సైన్స్ చెప్పేవాణ్ణి, అర్థం చేసుకోగలను. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టర్లు 2016లో పది మందిని తీసుకున్నారు. అందరూ డయాలసిస్ వాళ్లే, ఎవరికీ హెపటైటిస్ సి లేదు. వాళ్లకు అన్నీ వివరంగా చెప్పి, ఒప్పుకున్నాక, వైరస్ ఉన్న దాతల కిడ్నీలు పెట్టారు. అనుకున్నట్టే వైరస్ వాళ్ల రక్తంలోకి వచ్చింది, వెంటనే 12 వారాల మందు మొదలుపెట్టారు, పదిమందికి పదిమందీ బాగయ్యారు. 2017లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ఆపరేషన్‌కు ముందే మందు మొదలుపెట్టి ఇంకో పది మందికి చేశారు, 2018లో అదీ బాగానే వచ్చింది. కెనడాలో టొరంటో డాక్టర్లైతే ఆపరేషన్‌కు ముందు ఒక డోసు, తర్వాత ఒక్క వారం మందు, దాంతోనే కిడ్నీ, గుండె, ఊపిరితిత్తులు మార్పించుకున్న 30 మందిలో వైరస్ నిలవకుండా చేశారు. అంతకుముందు అమెరికాలో ఇలాంటి కిడ్నీలను ఏటా వందల కొద్దీ పారేసేవాళ్లు. ఇప్పుడు అక్కడ పెద్ద సెంటర్లలో ఇది మామూలు వైద్యంలో భాగం. డయాలసిస్‌లో ఉండి హెపటైటిస్ సి వచ్చిన కొందరికైతే, వెంటనే మందు వాడొద్దు, పాజిటివ్ కిడ్నీ త్వరగా దొరుకుతుంది, అది పెట్టాక ఒకేసారి వాడుదాం అని అక్కడి డాక్టర్లు చెప్పడం కూడా జరిగింది.

ఇదంతా డబ్బున్న దేశాల సంగతి, మనకెక్కడ కుదురుతుంది అనొద్దు. మన దగ్గర హెపటైటిస్ సికి వాడే సోఫోస్బువిర్ అనే మందు 2013 డిసెంబర్‌లో అమెరికాలో వచ్చినప్పుడు 12 వారాల కోర్సు ధర 84,000 డాలర్లు, అంటే గోలీకి 1,000 డాలర్లు. అదే మందు జనరిక్ చేసుకోవడానికి 2014లో మన దేశ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు. అందులో హైదరాబాద్ కంపెనీ హెటెరో ఉంది, తర్వాతి ఏడాది హైదరాబాద్‌దే నాట్కో కూడా తీసుకుంది. ధర ఎంతగా పడిపోయిందంటే ప్రభుత్వమే అందరికీ ఉచితంగా ఇస్తోంది. ప్రపంచానికి ఈ మందు చేసి పంపే ఊరికి మేం రెండున్నర గంటల దూరంలో ఉన్నాం. కిడ్నీ ఐస్‌లో పెడితే ఒక రోజు దాకా బాగుంటుంది, మందు దొరుకుతుంది, మార్చగల సర్జన్లు ఉన్నారు. 2023లో దేశంలో 1,099 మంది మరణించిన దాతల నుంచి అవయవాలు తీసుకుంటే అందులో 252 మంది మన తెలంగాణ వాళ్లు, ఆ ఏడాది అన్ని రాష్ట్రాల కన్నా మనమే ఎక్కువ. అయినా ఆ ఏడాది దేశం మొత్తం మీద కిడ్నీ మార్పిడులు 13,426, అవసరమేమో ఏటా రెండు లక్షలని అంచనా. ఇంత కొరతలో ఒక్క కిడ్నీ అయినా ఎందుకు వదులుకోవాలి?

ఇంకో చిన్న విషయం, నాకు మాత్రం పెద్దదే. అందరికీ ముందు చేసేది యాంటీబాడీ టెస్టు. అది పాజిటివ్ వస్తే వైరస్ ఇప్పుడు ఉన్నట్టు కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చినట్టు మాత్రమే. కొందరికి మందు లేకుండానే పోతుంది, మా అక్కలా మందుతో పోయిన వాళ్లకు కూడా ఆ టెస్టు పాజిటివ్‌గానే వస్తూ ఉంటుంది. వైరస్ నిజంగా ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ టెస్టు. పక్క ఊరి పిల్లవాడికి అది చేయలేదు. అంటే అతని ఒంట్లో అసలు వైరస్ లేదేమో కూడా! ఆ పెద్దాయనకు ఈ ముక్క నేను ఇప్పటికీ చెప్పలేకపోయాను.

కష్టాలు లేవని నేను అనడం లేదు. కిడ్నీ మార్చాక ఒంటి రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచుతారు, ఆ సమయంలో హెపటైటిస్ సి మందు ఆలస్యమైతే లివర్ బాగా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని ఆపరేషన్ తర్వాత ఇండెంట్ పెడతాం, వచ్చాక ఇస్తాం అంటే కుదరదు, కోర్సు మొత్తం ముందే పేషెంట్ పేరు మీద తెచ్చిపెట్టాలి. నూటికి 95 మందికి పైగా తగ్గుతుంది, తగ్గని ఆ కొద్దిమందికి రెండో రకం మందు కూడా సిద్ధంగా ఉండాలి. హెపటైటిస్ బి వేరే, అది మందులతో అణగి ఉంటుంది గానీ పూర్తిగా పోదు, దాన్ని దీంతో కలపకూడదు. డయాలసిస్ వాళ్లందరికీ బి టీకా పూర్తి డోసులు పడ్డాయో లేదో చూసే నాథుడు లేడు, అదొక బాధ.

అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది, మా కాలేజీలో తోటి లెక్చరర్ మొహం మీదే అన్నాడు, మంచి కిడ్నీలు డబ్బున్నోళ్లకు, రోగం కిడ్నీలు పేదోళ్లకు అవుతుంది చూడు అని. ఆ భయం ఊరికే రాలేదు, మన రాష్ట్రంలో కిడ్నీల అమ్మకాల కేసులు ఎన్ని చూశాం! నా సమాధానం ఒకటే. ఇలాంటి కిడ్నీ తీసుకుంటారా అని పేషెంట్‌ను అడగడం అంటే ఒప్పించడం కాదు. పేరు రాయించుకునేటప్పుడే, తీరిగ్గా, తెలుగులో వివరంగా చెప్పి, కావాలంటే సంతకం తీసుకోవాలి. అర్ధరాత్రి ఫోన్ చేసి గంటలో చెప్పండి అంటే అది అడగడం కాదు, బెదిరించడం. వద్దన్న వాళ్ల వరస ఒక్క నంబరు కూడా వెనక్కి పోకూడదు. కార్పొరేట్ హాస్పిటల్‌లో పేరున్నా సర్కారు దవాఖానలో పేరున్నా ఒకే కాగితం, ఒకే ప్రశ్న. మొదట ఇప్పటికే హెపటైటిస్ సి ఉన్న డయాలసిస్ పేషెంట్లతో మొదలుపెట్టినా చాలు, వాళ్లకు ఆ జబ్బు ముందే ఉంది, ఒక్క కోర్సుతో రెండు పనులు అవుతాయి.

హెచ్ఐవీ సంగతి కూడా ఒక్క మాట. సౌతాఫ్రికాలో, కేప్‌టౌన్ గ్రూట్ స్కూర్ హాస్పిటల్‌లో డాక్టర్ ఎల్మి ముల్లర్ 2008లోనే హెచ్ఐవీ ఉన్న దాతల కిడ్నీలు హెచ్ఐవీ ఉన్న పేషెంట్లకు పెట్టడం మొదలుపెట్టారు, 2015 నాటికి 27 మంది వివరాలు ప్రచురించారు. అమెరికా 2013లో ఇందుకోసం చట్టమే మార్చింది, 2024 నవంబర్‌లో కిడ్నీ, లివర్ విషయంలో పరిశోధనగా మాత్రమే చేయాలన్న షరతు కూడా తీసేసింది. అది ఉన్నవాళ్ల నుంచి ఉన్నవాళ్లకే, లేనివాళ్లకు కాదు, ఎందుకంటే దానికి పూర్తిగా పోగొట్టే మందు లేదు. మన దగ్గర హెచ్ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతూ ఇరవై ఏళ్లుగా పనిచేసుకుంటూ బతుకుతున్న వాళ్లు ఉన్నారు. వాళ్లలో కిడ్నీలు పోయిన వాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. ఇది హెపటైటిస్ సి విషయమంత సులువు కాదని నాకు తెలుసు, కానీ ఆ చర్చ అయినా మొదలు కావాలి.

2025 మార్చిలో మన శాసనసభ కేంద్ర అవయవ మార్పిడి చట్టాన్ని ఇక్కడ అమలు చేయాలని తీర్మానం చేసింది. కొత్తగా రూల్స్, ఫారాలు తయారు చేసుకునే సమయం ఇదే. నేను కోరేది పెద్ద బడ్జెట్ కాదు. దాతకు యాంటీబాడీ పాజిటివ్ వస్తే వెంటనే ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించండి. జీవన్‌దాన్‌లో పేరు రాసేటప్పుడు పేషెంట్‌ను ఈ ప్రశ్న అడగండి, మా అక్క పేరు రాయించినప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. తీసుకోలేమని చెప్పాల్సి వస్తే ఆ తండ్రిని గదిలో కూర్చోబెట్టి, నీ కొడుకు తప్పేం లేదని చెప్పి, ఇంట్లో వాళ్లకు టెస్టు చేయించి పంపండి. నిమ్స్‌లో, ఇక్కడ మన వరంగల్‌లో ఈ విషయం తెలిసిన డాక్టర్లు ఎవరైనా ఉంటే మీ పేపర్లో రాయమని అడగండి. నేను తప్పు రాసి ఉంటే దిద్దమనండి, సంతోషిస్తాను.

ఇవన్నీ చదివాక ఒకరోజు డయాలసిస్ అవుతుండగా పక్కన కూర్చుని అక్కకు చెప్పాను. ఒకసారి తగ్గినా ఆ వైరస్ మళ్లీ రావచ్చని, అలాంటి కిడ్నీ పెడితే నీకు మళ్లీ హెపటైటిస్ సి వస్తుందని, మళ్లీ మందు వాడాలని, ఏమీ దాచకుండా చెప్పాను. డయాలసిస్ సూదులు గుచ్చి ఉన్న ఫిస్టులా చెయ్యి కదపకుండా నా వైపు తిరిగి అంది, "మళ్ల గా గోలీలే గద తమ్మీ. మూడు నెలలు మింగుత. నాకేం భయం లేదు, గిది నాకు కావాలని యాడ సంతకం పెట్టాల్నో అడుగు."

రెండు చోట్ల అడిగాను. అలాంటి కాగితం లేదన్నారు. అక్క ఇప్పటికీ శనివారం శనివారం అడుగుతుంది, ఆ కాగితం వచ్చిందా అని.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ
(అక్క ఇంకా అదే సెంటర్‌కు వెళ్లాలి కాబట్టి పేరు వేయవద్దని మనవి.)